సీలు కవరులో ఇల్లు

కూచిపూడి,
జూన్ 12, 2024

అమ్మాయీ శాలినీ,

కన్నతల్లి కూతురికి ఉత్తరం రాసుకుని, పైన ‘ఛాయాదేవి గారు, అడ్వొకేటు, గవర్నర్‌పేట, విజయవాడ’ అని అడ్రసు రాయాల్సి రావడం మన వంశంలో నాతోనే మొదలు. పోస్టాఫీసులో ఉండే అమ్మాయి కవరు అటూ ఇటూ తిప్పి చూసి, “టీచర్ గారూ, పొలం తగాదా ఏమన్నా ఉందా అండీ?” అని అడిగింది. సెంటు భూమి లేనిదాన్ని, “అవునమ్మా, గట్టు తగాదా” అన్నాను. ముప్ఫై ఏళ్ళు పిల్లలకు అబద్ధమాడకూడదని పాఠం చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు నీ పుణ్యమా అని నేనే నేర్చుకుంటున్నాను.

నువ్వు చిన్నిని తీసుకుని విల్సన్ ఇంట్లోంచి బయటపడ్డావని విన్నప్పుడు నేను ఏడవలేదు. చెవిలో కర్ణభేరి పగిలేదాకా కొట్టినవాడి దగ్గర ఇంకా ఎందుకున్నావే అని నిన్ను తిట్టినదాన్ని నేనే. కానీ బయటపడ్డదానివి మన ఇంటికి రావాలి కదా! నేనున్నాను, మీ అన్నయ్య ఉన్నాడు, స్టెల్లా ఉంది. ఫోను లేదు, ఊరి పేరు లేదు, నెలకొక ఉత్తరం, దాని మీద గవర్నర్‌పేట ముద్ర. దొంగతనం చేసినవాళ్ళు కూడా ఇంతకంటే ధీమాగా తిరుగుతున్నారు.

మొన్న ఆదివారం విల్సన్ మన చర్చికి వచ్చాడు. మగవాళ్ళ వైపు ముందు వరసలో మోకాళ్ళ మీద కూర్చుని, “నా భార్యాబిడ్డల్ని నాకు తిరిగివ్వు ప్రభువా” అని గట్టిగా ఏడ్చాడు. ఆడవాళ్ళందరూ కొంగులతో కళ్ళొత్తుకున్నారు. నా పక్కనున్న పెద్దావిడ “పాపం, కుర్రాడు సగమైపోయాడు” అంది. వాడు సగమైతే నా కూతురి చెవి సంగతేంటమ్మా అని అడుగుదామనుకున్నాను. ప్రార్థన మధ్యలో కదా, పళ్ళు బిగించి ఊరుకున్నాను.

అన్నయ్య మందుల షాపు సరుకు కోసం విజయవాడ వెళుతుంటే మాగాయ జాడీ ఇచ్చి పంపాను, ఆ వకీలమ్మ గారి ఆఫీసులో ఇమ్మని. ఫైళ్ళ మధ్య పెట్టి నూనె ఒలకబోస్తారేమో చూసుకోమను. చిన్నికి ముక్క కడిగి పెట్టు, కారం తట్టుకోలేదు.

ఎక్కడున్నావో ఒక్క మాట రాయి. ఊరి పేరు చాలు.

ఇట్లు,
నీ మీద కోపంగా ఉన్న అమ్మ,
రూతమ్మ

—

(ఊరు రాయడం లేదు, క్షమించు)
జూన్ 27, 2024

అమ్మకు,

నీ కోపానికి, నీ మాగాయకి వందనాలు. రెండూ ఘాటుగానే అందాయి. చిన్ని ముక్క కడగకుండానే తింటోంది ఇప్పుడు. పెద్దదైంది అమ్మా.

మన ఇంటికి ఎందుకు రాలేదని అడిగావు. విల్సన్ వెతికే మొదటి ఇల్లు అదే కాబట్టి. అతని ఉద్యోగం ఏమిటో మర్చిపోయావా? ఫైనాన్సు కంపెనీలో రికవరీ. కిస్తీలు కట్టని బండిని ఏ పశువుల పాకలో గడ్డి కప్పి దాచినా కనుక్కుని తోలుకొచ్చే మనిషి. ఇంట్లోంచి రాగానే నేను పటమటలో నా స్నేహితురాలి దగ్గర ఉన్నానా, నెల తిరక్కుండా మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఎలా తెలిసిందో తెలుసా? చిన్ని పాత బడికి ఫోను చేసి, “పాప టీసీ పోస్టులో పంపామన్నారు, ఇంకా అందలేదండీ, ఏ అడ్రసుకి పంపారు?” అని తండ్రిగా మర్యాదగా అడిగాడట. వాళ్ళూ మర్యాదగా చెప్పారు. ఎవరిదీ తప్పు కాదు. తలుపు విరిగింది, అంతే.

అందుకే కోర్టుకి వెళ్ళాం. మొదటి వాయిదాలోనే వాళ్ళ వకీలు, అడ్రసు లేని పిటిషన్ ఏమిటండీ, బిడ్డ ఎక్కడుందో తండ్రికి తెలియొద్దా అన్నాడు. ఛాయాదేవి గారు లేచి నా చెవి రిపోర్టు, విరిగిన తలుపు ఫోటో ముందు పెట్టారు. మేజిస్ట్రేటు గారు నా అడ్రసు ఒక కాగితం మీద రాయించి, కవర్లో పెట్టించి సీలు వేయించారు. ఇక కేసు కాగితాలన్నిటి మీదా ఛాయాదేవి గారి ఆఫీసు అడ్రసే ఉంటుంది. నేనుండే ఇంటికి, పనిచేసే చోటికి, చిన్ని బడికి అతను రాకూడదని ఉత్తర్వు కూడా ఇచ్చారు.

నాలాంటి వాళ్ళ ఇంటి అడ్రసు దాచడానికి కొన్ని దేశాల్లో విడిగా చట్టాలే ఉన్నాయట. ఇక్కడ అలాంటిది లేదని, గృహహింస చట్టం కింద అడిగి చూశానని, ఈ మేజిస్ట్రేటు గారు మనసున్న మనిషి కాబట్టి దొరికిందని ఛాయాదేవి గారు చెప్పారు. అంటే నా ఇల్లు ఇప్పుడు ఒక కవరు, దాని మీద కాస్త లక్క. అది ఊడకుండా చూసుకోవాలి కదా. ఊరి పేరు అడగొద్దు అమ్మా. నమ్మకం లేక కాదు. నువ్వు సంతోషాన్ని దాచుకోలేవు, అది నీకూ తెలుసు.

అన్నయ్యని, స్టెల్లా వదినని అడిగానని చెప్పు.

నీ కూతురు,
శాలిని

—

కూచిపూడి,
సెప్టెంబరు 7, 2024

శాలినీ,

ముందు బతికే ఉన్నానని ఒక ముక్క రాసి, తర్వాత మిగతాది చదువు.

ఆదివారం నుంచి టీవీ ముందు కదల్లేదు. బుడమేరు పొంగి సింగ్‌నగర్ అంతా మునిగిపోయింది. పడవల్లోకి ఎక్కిస్తున్న ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూశాను. పిల్లను చంకనేసుకున్న ప్రతి మనిషీ నువ్వే అనిపించింది. ఒకామె వెనక్కి తిరిగి ఉంది, జడ నీలాగే ఉంది, పడవ వెళ్ళిపోయింది. స్టెల్లా ఫోనులోంచి వకీలమ్మ ఆఫీసుకి చేయించాను. గుమాస్తా ఎత్తి, “క్షేమమే అండీ, అంతకంటే చెప్పకూడదండీ” అన్నాడు. చూశావా! జీతానికి పనిచేసే పరాయి మగవాడికి నా కూతురు ఎక్కడుందో తెలుసు. మోసి కన్న నాకు తెలియదు. నేనూ ప్రతివాదినేనా శాలినీ? నన్ను కూడా ఆ సీలు కవరు బయటే నిలబెట్టావా?

ఇంటిగుట్టు లంకకు చేటు అంటారు, నిజమే. తల్లికి తెలిసిన గుట్టు ఏ లంకకు చేటు తెచ్చిందే?

బాత్‌రూములో జారి పడ్డాను. కంగారుపడకు, తుంటి వాచింది, షుగరు కూడా పెరిగింది. రేపు నాకేమన్నా అయితే నీకు కబురు చెప్పేదెవరు? పెట్టె దింపేదాకా ఆగి, వకీలమ్మకు ఉత్తరం రాసి, అది ముద్ర పడి నీకు చేరేసరికి నేను పైన ఆయన దగ్గర స్థిరపడిపోయి ఉంటాను.

ఇంకో సంగతి. స్టెల్లాకు విల్సన్ దగ్గర నుంచి ఫోన్లు వస్తున్నాయని నాకు అనుమానం. ఫోను మోగితే పెరట్లోకి వెళ్ళి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఎవరే అంటే “రాంగ్ నంబరు అత్తయ్యా” అంటుంది. రాంగ్ నంబరుతో అంతసేపు మాటలేముంటాయి? మీ అన్నయ్య సంగతి తెలిసిందే, షాపు తప్ప లోకం పట్టదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని నేనూ ఊరుకున్నాను.

అమ్మ

—

సెప్టెంబరు 21, 2024

అమ్మా,

బతికే ఉన్నాను. చిన్ని కూడా. మేము సింగ్‌నగర్‌లో లేము, అసలు విజయవాడలోనే లేము. నువ్వు పడవల్లో నన్ను వెతుక్కున్నావని చదివి చాలాసేపు ఏడ్చాను. తుంటికి కాపడం పెట్టించుకో. మాత్రలు మానకు.

ఈ ఒక్కసారికి ఛాయాదేవి గారి మాట దాటుతున్నాను. రేపల్లెలో ఉన్నాను.

అవును, ఏ హైదరాబాదో బెంగుళూరో కాదు. అతను దూరమంతా గాలిస్తాడని, ముక్కు కిందే ఉండిపోయాం. ఇక్కడ ఒక నర్సింగ్ హోంలో పని దొరికింది. డాక్టరమ్మ మంచిది, మేడ మీద గది కూడా ఆవిడదే. చిన్నికి రెండో తరగతిలో సీటిచ్చారు. తండ్రి సంతకం ఏదని అడిగి, నా మొహం చూసి, సరేలెమ్మన్నారు హెడ్‌మిస్ట్రెస్ గారు. చాలా రోజులకు నేను తలుపు గడియ ఒక్కసారే చూసుకుని పడుకుంటున్నాను అమ్మా. మంచం కిందకి వంగి చూడటం మానేశాను. ఇది నీకు చిన్న సంగతిగా అనిపిస్తుందేమో.

అన్నయ్యకు చెప్పొద్దు. వదినకు అసలే చెప్పొద్దు, ఆ ఫోన్ల సంగతి విన్నాక నాకూ భయంగా ఉంది. పైకి అనకు. నిద్రలో కూడా ఆ పేరు రానివ్వకు.

నీ శాలిని

—

కూచిపూడి,
అక్టోబరు 16, 2024

నా బంగారు తల్లికి,

వంతెన అవతలే ఉన్నావా దొంగపిల్లా! నేను మ్యాపులో బెంగుళూరు దాకా వెతుక్కుంటుంటే నువ్వు కృష్ణ దాటి కూర్చున్నావు. ఇక్కడ వండిన చేపల పులుసు అక్కడికి తెచ్చినా ఇంకా వేడిగానే ఉంటుంది.

ఒక తప్పు చేశాను, తిట్టకు. మొన్న తుంటి కాస్త తగ్గగానే అవనిగడ్డ బస్సెక్కి, పులిగడ్డలో దిగి, పెనుమూడి వంతెన మొదట్లో నిలబడ్డాను. అవతలి గట్టు కనిపిస్తోంది. ఆ గట్టు వెనకాల ఎక్కడో నా చిన్ని రెండు జడలు వేసుకుని బడికి వెళుతోందనుకున్నాను. సోడా బండి అతను “అవతలికి పోవాలా మామ్మగారూ, ఆటో ఆపనా?” అన్నాడు. “వద్దు బాబూ, గాలికి వచ్చా” అని తర్వాత బస్సుకి వెనక్కి వచ్చేశాను. దాటలేదు. నీ గుట్టు నా వల్ల బయటపడకూడదు కదా.

నీ ఉత్తరం చదివి పొయ్యిలో వేశాను. అన్నయ్యకు చెప్పలేదు. స్టెల్లా, “ఏంటి అత్తయ్యా, ఈమధ్య పాటలు పాడుకుంటున్నారు?” అంటే, షుగరు తగ్గిందన్నాను. నా సంతోషం పైనున్న ఆయనకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. ఆయనకు చెప్పకుండా ఎలా ఉంటాను, ఇచ్చిందే ఆయన!

ఇక్కడ విశేషాలేమీ లేవు. విల్సన్ ఈమధ్య చర్చికి రావడం లేదు, ఏడుపు అయిపోయినట్టుంది. చర్చికి కొత్తగా కెమెరా వచ్చింది. కుర్రాళ్ళు ఆదివారం ఆరాధనంతా లైవులో పెడుతున్నారు, దుబాయిలో ఉన్నవాళ్ళు కూడా చూస్తున్నారట. పాస్టరు గారు కొత్త కోటు కుట్టించుకున్నారు. ప్రసంగం పెరిగింది, విషయం పెరగలేదు.

చిన్నికి నా ముద్దులు. దానికి ఎక్కాలు వచ్చాయా?

ప్రేమతో,
నీ అమ్మ

—

ఛాయాదేవి గారి ఆఫీసు,
గవర్నర్‌పేట, విజయవాడ,
నవంబరు 14, 2024

అమ్మా,

ఎవరికి చెప్పావు?

కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో రాస్తున్నాను. వంకరగా ఉంటే సర్దుకుని చదువు.

సోమవారం ఓపీలో రద్దీ. చీటీలు చూసి పేషెంట్ల పేర్లు పిలవడం నా పని. “విల్సన్” అని నా నోటితో నేనే పిలిచాను. లోకంలో ఆ పేరుగలవాళ్ళు ఎంతమంది లేరు అనుకున్నాను. బెంచీ మీద నుంచి లేచి వచ్చి ఎదురుగా నిలబడి, “జ్వరం సిస్టర్” అన్నాడు. నవ్వుతున్నాడు. “మేడ మీద గదికి గాలి బాగా వస్తదా? చిన్నికి రెండు జడలెందుకేస్తన్నావ్, ఒకటే బాగుంటది” అన్నాడు.

అంటే బడి కూడా చూసి వచ్చాడు.

నేను అరిచాను. డాక్టరమ్మ గదిలోంచి వచ్చేలోగా చెయ్యి పట్టుకుని వెనక్కి విరిచాడు. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఓపీ నిండా జనం. ఒకాయన కాళ్ళు పైకి తీసుకుని “మొగుడూ పెళ్ళాల గొడవలే” అన్నాడు, దారిచ్చినట్టు. అంతే, ఎవరూ కదలలేదు.

పోలీసులు వచ్చారు, రాసుకున్నారు. డాక్టరమ్మ కట్టు తనే కట్టింది, డబ్బు తీసుకోలేదు. కట్టాక, “నువ్వు మంచిదానివే అమ్మా, కానీ పేషెంట్లు జడుసుకుంటారు” అంది. సాయంత్రానికి గది ఖాళీ చేశాను. చిన్ని తన పుస్తకాల సంచి ఒక్కటే పట్టుకుంది, దేని గురించీ అడగలేదు. అడగకపోవడం అలవాటైపోయింది దానికి.

ఇప్పుడు చెప్పు. ఆ ఊరి పేరు కోర్టు కవర్లో ఉంది, ఛాయాదేవి గారి దగ్గర ఉంది, నీ దగ్గర ఉంది. కవరు సీలు చెక్కు చెదరలేదని ఛాయాదేవి గారు కోర్టులో చూసి వచ్చారు. స్టెల్లా వదినకు చెప్పావు కదూ? లేక నా ఉత్తరం పొయ్యిలో వేసేముందు ఆమె చదివిందా?

శాలిని

—

కూచిపూడి,
నవంబరు 22, 2024

తల్లీ,

నీ చెయ్యి ఎలా ఉంది? వాడి చేతులు పడిపోను. టీచరు నోట రాకూడని మాటలన్నీ పెరట్లో నిలబడి అన్నాను, కోళ్ళు కూడా బెదిరిపోయాయి.

బైబిలు మీద చెయ్యి వేసి రాస్తున్నాను. నేను ఏ మనిషికీ చెప్పలేదు. నీ అన్నకు చెప్పలేదు, స్టెల్లాకు చెప్పలేదు, గోడకు కూడా చెప్పలేదు. కానీ నువ్వన్నాక నాకూ అదే నిజమనిపించింది. ఉత్తరం దిండు కింద ఒక పూట ఉంది. పక్క దులిపేది స్టెల్లాయే.

మీ అన్నయ్య అన్నానికి కూర్చున్నాడు, అది వడ్డిస్తోంది. చేతిలో గరిటె లాక్కుని అడిగాను, నా కూతురి ఇల్లు ఎంతకు చెప్పావే అని. మొహం పాలిపోయింది దానికి. “నాకు ఆ ఊరి పేరే తెలీదు అత్తయ్యా. ఆయన ఫోన్లు చేత్తన్నమాట నిజమే. మీ అబ్బాయిని షాపు దగ్గర కొట్టిత్తానని బెదిరిత్తన్నాడు. మీకు చెబితే షుగరు పెరుగుద్దని నేనే నాలుగు తిట్టి పెట్టేత్తన్నా” అంది. కథలు చెప్పకు అన్నాను. పెళ్ళై వచ్చిన దగ్గర నుంచీ నాకు ఎదురు చెప్పని పిల్ల, ఆ పూట కూడా చెప్పలేదు. బట్టలు సర్దుకుని పామర్రులో వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. మీ అన్నయ్య కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. హోటల్లో తింటున్నాడు.

వెళితే వెళ్ళనీ. నా బిడ్డ చెయ్యి విరిగింది, నాకు ఇంకెవరి మొహం చూసే ఓపిక లేదు. ఆ వకీలమ్మ గుమాస్తాని కూడా ఒక కంట కనిపెట్టు. క్షేమమే అండీ అన్నప్పుడే వాడి గొంతు నాకు నచ్చలేదు.

నీ కోసం ఉపవాసం ఉంటున్న,
అమ్మ

—

జనవరి 24, 2025

అమ్మా,

ఇది మళ్ళీ కుడిచేత్తో రాస్తున్నాను. వేళ్ళు పూర్తిగా ముడుచుకోవు, కానీ రాయగలను.

నిన్న కోర్టు జరిగింది. ఉత్తర్వు మీరాడని మనం వేసిన పిటిషన్. వాళ్ళ వకీలు లేచి ఏమన్నాడో విను. “అడ్రసు సీలు కవర్లో ఉందండీ. ఫలానా చోటికి రాకూడదంటారు, ఆ చోటు ఏదో నా క్లయింటుకి చెప్పరు. తెలియని గీత దాటాడని ఎలా అంటారు? జ్వరమొచ్చింది, ఆసుపత్రికి వెళ్ళాడు. అక్కడ భార్య కనిపిస్తే నివ్వెరపోయాడు.” వెనక బెంచీల్లో ఇద్దరు ముగ్గురు నవ్వారు. నన్ను దాచడానికి వేసిన సీలే అతనికి గొడుగైంది.

ఛాయాదేవి గారు, మరి మేడ మీద గది సంగతి, పాప జడల సంగతి ముందే ఎలా తెలిశాయని గట్టిగా అడిగారు. విల్సన్ ఏమీ దాచలేదు. వాళ్ళ వకీలు ‘వద్దు’ అంటున్నా ఫోను తీశాడు. “ఊరి పేరు ఇందులోనే ఉంది మేడం. ఇదేం రహస్యం? లోకమంతా ఇన్నది” అని వీడియో పెట్టాడు.

మన చర్చి అమ్మా. అక్టోబరు మొదటి ఆదివారం. కానుకల కవర్లు చదువుతున్నారు పాస్టరు గారు. “సహోదరి రూతమ్మ టీచరు గారు, తమ కుమార్తె శాలినికి రేపల్లెలో నర్సు ఉద్యోగము, మనవరాలికి బడిలో సీటు దయచేసినందుకై దేవునికి కృతజ్ఞత కానుక సమర్పించుకొనుచున్నారు.” మైకులో. తర్వాత కెమెరా ఆడవాళ్ళ వైపు తిరిగింది. నువ్వు కనిపించావు. తెల్ల చీర, చేతులు జోడించి ఉన్నావు. నవ్వుతున్నావు.

పైనున్న ఆయనకు తప్ప ఎవరికీ చెప్పలేదని రాశావు. నేను మోకాళ్ళ మీద ప్రార్థన అనుకున్నాను. నాకు టెన్తు పాసైతే కవరు వేశావు, నర్సింగు సీటొస్తే వేశావు, విల్సన్ సంబంధం కుదిరినప్పుడు కూడా వేశావు. అది నాకు గుర్తు రాలేదు చూడు, అదీ నా తెలివి. రేపల్లెలో ఉన్న నర్సింగ్ హోంలెన్ని? బళ్ళెన్ని? బళ్ళు వెతికే మనిషికి, బండ్లు వెతికే మనిషికి తేడా ఏముంది, ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాడు.

చెయ్యి విరిచిన కేసు వేరే నడుస్తుంది. ఉత్తర్వు మీరిన సంగతి వాయిదా పడింది, కన్నతల్లే మైకులో చెప్పిన అడ్రసు రహస్యమెలా అవుతుందని వాళ్ళ వాదన. అందుకు మేమింకా జవాబు వెతుక్కోవాలి.

ఇప్పుడు ఇంకో ఊళ్ళో ఉన్నాను. కొత్త కవరు సీలు చేశారు. ఈసారి మేజిస్ట్రేటు గారు, కుటుంబంలో ఎవరికైనా తెలియపరచాలా అమ్మా అని అడిగారు. లేదండీ అన్నాను. ఆ మాట రికార్డులో రాసుకున్నారు.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. ఆ నవ్వు చూశాక తిట్టలేకపోతున్నాను, నా కోపమంతా అదే. నా మంచి కోరేవాళ్ళ నుంచి కూడా దాక్కోవాలని ఏ చట్టమూ నాకు ముందు చెప్పలేదు.

స్టెల్లా వదిన దగ్గరికి వెళ్ళు. నేను చేసిన పాపంలో సగం నీది, నువ్వు చేసినదానిలో సగం నాది, మొత్తం ఆవిడ మోసింది.

ఇక ఉత్తరాలు రాయను. రాస్తే ఏదో ఒకటి జారుతుంది. ఆదివారం లైవు చూస్తాను. ఆడవాళ్ళ వైపు మూడో వరస చివర కూర్చో, అక్కడైతే కెమెరాకు కనిపిస్తావు. కనిపిస్తే కులాసాగా ఉన్నావనుకుంటాను. నువ్వు కూడా నా గురించి అలాగే అనుకో.

శాలిని

—

కూచిపూడి,
ఫిబ్రవరి 17, 2025

శాలినీ,

ఈ ఉత్తరం నీకు అందాల్సిన పని లేదు. వకీలమ్మ గారి బల్ల సొరుగులోనే ఉన్నా సరే. రాయకపోతే నాకు ఊపిరి ఆడేట్టు లేదు.

నేను నిన్ను అమ్ముకోలేదని మాత్రం అనను ఇక. అన్నా ఏం లాభం? పదిమంది కుష్ఠరోగుల్ని ప్రభువు బాగుచేస్తే, కృతజ్ఞత చెప్పడానికి తిరిగొచ్చింది ఒక్కడేనని చిన్నప్పటి నుంచి విన్నదాన్ని. ఆ మిగిలిన తొమ్మిదిమందిలో చేరితే నీ ఉద్యోగం పోతుందేమోనని భయపడ్డాను. కవరు మీద పేరు, ఊరు, కారణం అని మూడు గీతలుంటే మూడూ నింపాను. పరీక్ష పేపరులో ఖాళీలు వదలొద్దని చెప్పిన టీచర్ని కదా. అది దేవుడికి రాస్తున్నాననే అనుకున్నాను తల్లీ, విల్సన్ చదువుతాడనుకోలేదు.

పామర్రు వెళ్ళాను. స్టెల్లా గుమ్మంలో బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేచి, “అన్నం తిన్నారా అత్తయ్యా?” అంది. నేను దాని చేతులు పట్టుకుని ఏడ్చాను. ఏడవనిచ్చింది. తర్వాత, “మీ అబ్బాయిని పంపండి, వత్తాను. మీరు పిలిత్తే మాత్రం రాను” అంది. నిన్న మీ అన్నయ్య వెళ్ళి తీసుకొచ్చాడు. వంట చేస్తోంది, నాకు వడ్డిస్తోంది. గరిటె మాత్రం నాకు అందనంత దూరంలో పెట్టుకుంటోంది.

పాస్టరు గారి దగ్గరికి కూడా వెళ్ళాను. వీడియో తీయించేశామమ్మా అన్నారు. చేతులు కాలాక ఆకులు. “దేవుడికి మైకు ఎందుకండీ అయ్యగారూ? ఆయనకు చెవుడా?” అని అడిగాను. సాక్ష్యం పదిమందికీ తెలియాలి కదమ్మా అన్నారు. నా కూతురికి ఒక చెవి వినపడదండీ, మీ సాక్ష్యం దానికి చెయ్యి విరిగాక వినపడింది అన్నాను. ఆయన బైబిలు తెరిచారు. నేను లేచి వచ్చేశాను.

అయినా ఆదివారం చర్చికి వెళుతున్నాను, నువ్వు చెప్పిన మూడో వరస చివరికి. మొన్న కవరు కూడా వేశాను, నువ్వు బతికున్నందుకు. పేరు, ఊరు, కారణం మూడూ ఖాళీగా వదిలేశాను. పాస్టరు గారు కవరు అటూ ఇటూ తిప్పి, “ఒకరు... కృతజ్ఞత...” అని ఆపేశారు. నా ముందున్నావిడ వెనక్కి తిరిగి, “దేవుడి దగ్గర కూడా సిగ్గుపడేదెవరో చూడండి” అంది. ఆవిడతో పాటు నేనూ చుట్టూ చూశాను.

నీ ఊరు నాకు చెప్పొద్దు. ఎప్పుడన్నా మనసు కరిగి చెప్పాలనిపించినా చెప్పొద్దు. నేను చచ్చిపోయానని తెలిస్తే అప్పుడు కూడా ఆలోచించుకుని రా, వాడు పెట్టె పక్కన ఏడుస్తూ నిలబడి ఉంటాడు.

లైవు నువ్వు చూస్తున్నావో లేదో నాకు తెలియదు. వాడు మాత్రం చూస్తాడు, ఇంకేమన్నా దొరుకుతుందేమోనని. చూడనీ. నా మొహంలో వాడికి దొరికేదేమీ లేదు, నాకే ఏమీ తెలియదు కాబట్టి. కెమెరా మీద ఎర్ర లైటు వెలగగానే అటు తిరిగి కూర్చుంటున్నాను, నీకు బాగా కనిపించాలని. నవ్వడం లేదని ఒంట్లో బాగాలేదనుకోకు. పోయినసారి నవ్వాను కదా.

అమ్మ